మానిన వారి సావాసం

గత నెల నిజామాబాద్ జిల్లా నుండి ఒక సోదరి మాకు ఉత్తరం వ్రాశారు. పేరు వెల్లడించవద్దని కోరారు. ఆమె భర్తకు 46 ఏళ్లు. ఐదు పూటలా నమాజుకు మస్జిద్‌కు వెళ్లే మనిషి. ఎవరి సొమ్ముకూ ఆశపడని మనిషి. అయితే ఇరవై ఏళ్లుగా రోజుకు రెండు కట్టల బీడీలు తాగుతున్నారు. గత ఏడాది గుండెపోటు వస్తే హైదరాబాద్ తీసుకువెళ్లి స్టెంటు వేయించారు. ఇక బీడీ ముట్టుకుంటే ప్రాణానికి ముప్పేనని డాక్టరు చెప్పి పంపారు. మూడు నెలలు మానారు. తర్వాతి సంగతి ఆ సోదరి మాటల్లోనే చెబుతాం: "రాత్రి అందరూ పడుకున్నాక మిద్దె మీదికి వెళ్తున్నారు. ఏలకులు నములుతూ మెట్లు దిగుతారు. నాకు తెలియదనుకుంటున్నారు. అడిగితే ఒట్టు వేస్తారు. ముగ్గురు పిల్లలు, చిన్నది ఇంకా నాలుగో తరగతి. ఈ అలవాటు పోవడానికి ఏదైనా వజీఫా చెప్పండి."

ఇటువంటి ఉత్తరాలు మాకు కొత్త కాదు. ఈ ఉత్తరంలో మమ్మల్ని ఆపినది బీడీ కాదు, ఆ ఒట్టు. ఎన్నడూ అబద్ధం ఆడని మనిషి భార్య ముందు ఒట్టు వేసే స్థితికి వచ్చాడంటే, అతడు ఆ అలవాటుతో ఎంత ఒంటరిగా పోరాడుతున్నాడో గ్రహించాలి.

వజీఫా సంగతి ముందు చెప్పుకుందాం. దుఆ తప్పక చేయండి సోదరీ, తహజ్జుద్ వేళ చేయండి. అయితే హజ్రత్ మూసా (అ) చేసిన దుఆను కూడా ఒకసారి గుర్తు చేసుకోండి. ఫిరౌన్ వద్దకు వెళ్లమని ఆజ్ఞ అయినప్పుడు ఆయన ధైర్యం కోరారు, నాలుక ముడి విప్పమని కోరారు, దానితోపాటు తన అన్న హారూన్ (అ)ను తోడుగా ఇమ్మని కూడా వేడుకున్నారు. తాహా సూరాలో ఈ వృత్తాంతం ఉన్నది. అల్లాహ్‌తో నేరుగా సంభాషించిన ప్రవక్తే దుఆలో తోడు అడిగినప్పుడు, మిద్దె మీద చీకట్లో ఒంటరిగా నిలబడిన మన సోదరుడికి తోడు అక్కరలేదని ఎలా అనగలం?

ఆయనకు ఇప్పటివరకు లభించినవి డాక్టరు భయపెట్టిన మాట, భార్య కన్నీరు. రెండూ సత్యమే, రెండూ ప్రేమతో వచ్చినవే. కానీ ఆ ఇద్దరిలో ఎవరూ ఎన్నడూ బీడీ వెలిగించినవారు కారు. భోజనం ముగిసిన వెంటనే వేళ్లు జేబు వైపు ఎలా వెళతాయో వారికి తెలియదు. అది తెలిసిన మనిషి, తెలిసి కూడా మానిన మనిషి, ఆయనకు కావాలి.

మానాలన్న కోరిక లేకపోవడమే ఈ అలవాటుకు కారణమని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. 2016-17లో దేశమంతటా జరిగిన పొగాకు సర్వేలో వయోజనులలో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్లు తేలింది. అదే సర్వేలో, పొగ తాగేవారిలో సగం కంటే ఎక్కువ మంది మానాలనే ఆలోచనతో ఉన్నామని చెప్పారు. కోరిక ఉన్నది. లేనిది కోరిక పుట్టిన రోజుకూ అలవాటు చచ్చిన రోజుకూ మధ్యనున్న దారిలో పక్కన నడిచే మనిషి.

ఆ దారి ఎంత కఠినమో తాగనివారు తెలుసుకోవాలి. పొగలోని నికోటిన్ కొద్ది క్షణాల్లోనే మెదడును చేరుతుంది. రక్తంలో దాని పాలు సుమారు రెండు గంటల్లో సగానికి తగ్గుతుంది. తగ్గగానే శరీరం మళ్లీ అడుగుతుంది. ఆ అడగడాన్నే మన ఇళ్లలో 'తలబ్' అంటారు. అరబీలో ఈ మాటకు కోరడం, వెతకడం అని అర్థం. మా మదరసాలో చదువుకునే పిల్లవాడిని 'తాలిబె ఇల్మ్' అనడం కూడా ఈ ధాతువు నుండి వచ్చినదే. ఒకడు జ్ఞానాన్ని వెతుకుతాడు, ఒకడు అగ్గిపెట్టెను వెతుకుతాడు. మానిన మొదటి మూడు రోజులు అన్నిటికంటే భారమైనవి. చిరాకు, నిద్రలేమి, తలనొప్పి, పని మీద మనసు నిలవకపోవడం, ఎంత తిన్నా తీరని ఆకలి. మూడు నాలుగు వారాల్లో ఇవి క్రమంగా సన్నగిల్లుతాయి. ఒక్కో తలబ్ మాత్రం కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆ నిమిషాలు గడిస్తే అది వెనక్కు తగ్గుతుంది. మొత్తం పోరాటం ఆ కొద్ది నిమిషాలదే. ఆ సమయంలో మనిషి పక్కన ఎవరున్నారు అన్నదే అసలు ప్రశ్న.

రమజాన్‌లో 13 గంటలకు పైగా నిప్పు ముట్టని సోదరుడు మగ్రిబ్ అజాన్ వినగానే ఖర్జూరం, నీళ్లు, వెంటనే బీడీ అన్న వరుసలో ఇఫ్తార్ ముగించడం మనమందరం చూసినదే. దీనిని చూసి నవ్వేవారున్నారు. మేము దీనిలో శుభవార్త చూస్తాం. పగలంతా అతడు ఆగగలిగాడు. ఎందుకు ఆగగలిగాడు? ఈమాన్ వలన, నిజమే. దానితోపాటు, అతని చుట్టూ ఉన్నవారంతా ఆగి ఉన్నారు గనుక. దుకాణంలో పక్కవాడు వెలిగించలేదు. మిత్రుడు పెట్టె చాపలేదు. సూర్యాస్తమయం తర్వాత ఆ కట్టుబాటు విడిపోతుంది, అతడు మళ్లీ ఒంటరి అవుతాడు.

ఇక చరిత్రలోకి కొద్దిగా వెళదాం. పొగాకు మన భూమిది కాదు. పోర్చుగీసు వారి ఓడల మీద వచ్చింది. అక్బర్ చివరి రోజుల్లో అసద్ బేగ్ అనే ఉద్యోగి దానిని బీజాపూర్‌లో చూసి, హుక్కాతో సహా పాదుషా దర్బారుకు తీసుకువెళ్లాడు. అంటే మొగలుల దర్బారుకు అది మన దక్కను నుండే చేరింది. 1617లో జహంగీర్ పొగాకును నిషేధించాడు. 1633లో ఉస్మానియా సుల్తాన్ మురాద్ 4 నిషేధించి, తాగినవారికి మరణశిక్ష కూడా విధించాడు. ఫలితం ఏమిటి? రెండు సామ్రాజ్యాల్లోనూ పొగ లేస్తూనే ఉన్నది. ఉలమాలలో కూడా నాడు భిన్నాభిప్రాయాలు ఉండేవి. కొందరు హరామ్ అన్నారు, కొందరు మక్రూహ్ అన్నారు, అనుమతించిన పెద్దలూ లేకపోలేదు. దాని హాని నేడు తెలిసినట్లు నాడు తెలియదు. ఈ దేశంలో పొగాకు ఏటా 13 లక్షల మందికి పైగా ప్రాణాలు తీస్తున్నదని తెలిసిన తర్వాత కూడా ఆనాటి అనుమతిని అడ్డుపెట్టుకోవడం సబబు కాదు. అయితే మేము ఇక్కడ చెప్పదలచినది ఫత్వా గురించి కాదు. కత్తితో కూడా మాన్పించలేని అలవాటు ఇది అన్న సంగతి గుర్తుండాలి.

మరి మదీనాలో మద్యం ఎలా ఆగింది? ముందుగా దాని హాని లాభాన్ని మించినదని తెలియజేయడం జరిగింది. తర్వాత మత్తులో నమాజును సమీపించవద్దన్న ఆదేశం వచ్చింది. చివరకు పూర్తి నిషేధం వచ్చింది. ఆ రోజు హజ్రత్ అనస్ (రజి) యువకుడు, అబూ తల్హా (రజి) ఇంట అతిథులకు మద్యం అందిస్తున్నారు. వీధిలో ప్రకటన వినబడగానే పారబోయమన్నారు, పారబోశారు. మదీనా సందుల్లో మద్యం పారింది. ఆ సందుల్లో ప్రతి గుమ్మం నుండీ అదే పారుతున్నది. ఏ ఇంటివాడూ "నేనొక్కడినే మానుతున్నాను" అనుకోవలసిన అవసరం లేకపోయింది. మర్నాడు చేయి చాపి అందించే మిత్రుడు కూడా లేడు.

ఇటువంటిది చిన్న ఎత్తున మా కళ్ల ముందే జరుగుతున్నది గనుక ధైర్యంగా వ్రాస్తున్నాం. మా మదరసాను ఆనుకుని ఉన్న మస్జిద్‌లో ఇషా తర్వాత వజూఖానా పక్క మెట్ల మీద కొందరు పావుగంట కూర్చుంటారు. దానికి పేరు లేదు, బోర్డు లేదు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన, అందరూ చాచా అంటారు, దీనిని మొదలుపెట్టారు. ముప్పై ఏళ్లు సిగరెట్లు తాగి, మాని 11 ఏళ్లయిన మనిషి. తర్వాత ఒక దర్జీ, ఒక ఆటో డ్రైవరు చేరారు. ఇప్పుడు తొమ్మిది మంది. మేము కూడా వెళ్లి కూర్చుంటాం. మొదటి రోజే చాచా మాతో, "మౌలానా, మీరు రావడం మాకు సంతోషం. కానీ బయాన్ మాత్రం వద్దు" అన్నారు. అందరూ నవ్వారు, మేమూ నవ్వాం. ఆ షరతు నేటికీ అమలులో ఉన్నది.

అక్కడ జరిగేది చాలా స్వల్పం. ఒక్కొక్కరు తమకు ఎన్నో రోజో చెబుతారు. కష్టం ఉంటే చెబుతారు. ఒక రాత్రి ఆటో సోదరుడు, "చాచా, ఇది నాలుగో రోజు. పొద్దున్నుండి ఇద్దరు ప్యాసింజర్లతో తగువు పెట్టుకున్నాను. నాకేమైనా పిచ్చి పడుతోందా?" అని అడిగాడు. చాచా ఆయతు చదవలేదు, హదీసు చెప్పలేదు. "నాలుగో రోజు నేను చిల్లర కోసం ఒక ముసలమ్మ మీద అరిచాను బేటా. బస్సంతా నన్నే చూసింది. వారం దాటాక తగ్గింది, నీకూ తగ్గుతుంది. రేపు భోజనం కాగానే స్టాండులో నిలబడకు. ఆ పావుగంట నాకు ఫోను చెయ్యి" అన్నారు. ఆ అబ్బాయి ముఖంలో మేము చూసిన నిశ్చింత మా జుమా ఖుత్బాలు విన్నవారి ముఖాల్లో అరుదుగా చూశాం. తనకు జరుగుతున్నది వింత కాదు, తప్పు కాదు, దానికి ఒక చివర ఉన్నది, ఆ చివరకు చేరినవాడు ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ఇంతకంటే బలమైన సాక్ష్యం ఏముంటుంది?

దర్జీ సోదరుడికి కష్టం వేరు. పండుగకు ముందు రాత్రులు తెల్లవార్లూ మిషను మీద కూర్చోవాలి. నిద్రను ఆపేది సిగరెట్టేనని అతనికి గట్టి నమ్మకం. గత ఈదుకు ముందు మూడు రాత్రులు చాచా, మరొకరు వంతులవారీగా అతని దుకాణంలో కూర్చున్నారు. గుండీలు కుట్టారో లేదో తెలియదు కానీ కబుర్లు మాత్రం చెప్పారు. నాలుగో రాత్రి అతడే, "ఇక మీరు ఇంటికి వెళ్లి పడుకోండి" అన్నాడట.

మేము ఒకసారి చాచాను, పదకొండేళ్లయింది కదా, ఇంకా ఈ మెట్ల మీదికి ఎందుకు వస్తున్నారని అడిగాం. "ఎవరికైనా వద్దని చెప్పేటప్పుడు ఆ మాట నా చెవులు కూడా వింటాయి మౌలానా" అన్నారు. సర్ఫ్ పాఠంలో మేము ఏటా పిల్లలకు చెప్పే సంగతి అది. అల్ అస్ర్ సూరాలో సత్యాన్ని, సహనాన్ని బోధించుకోవడం గురించి వచ్చిన క్రియ 'తఫాఉల్' బాబ్‌కు చెందినది. ఒకడు చెప్పడం, మరొకడు వినడం అన్న అర్థం అందులో లేదు. ఒకరికొకరు అన్న అర్థం ఉన్నది. సహనం పంచేవాడికి కూడా సహనం కావాలి.

ఇది మా మస్జిద్ మెట్ల అనుభవం మాత్రమే అనుకోవద్దు. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో హృద్రోగాల గురించి దశాబ్దాలుగా సాగుతున్న అధ్యయనం ఒకటి ఉన్నది. దాని వివరాలను ఆధారం చేసుకుని 12,067 మంది పొగ అలవాటును 1971 నుండి 2003 వరకు పరిశీలించి, 2008లో ఇద్దరు పరిశోధకులు ఫలితాలు ప్రకటించారు. జనం విడివిడిగా కాక గుంపులు గుంపులుగా మానుతున్నారని అందులో తేలింది. భార్యాభర్తల్లో ఒకరు మానితే రెండవవారు పొగ తాగే అవకాశం 67 శాతం, మిత్రుడు మానితే 36 శాతం, తోబుట్టువు మానితే 25 శాతం తగ్గింది.

నూరుగురిని చంపి పశ్చాత్తాపపడిన మనిషి వృత్తాంతం హదీసు గ్రంథాల్లో ప్రసిద్ధమే. అతనికి ఆలిమ్ ఇచ్చిన సలహాలో తౌబా ద్వారం తెరిచే ఉన్నదన్న మాట ఒక్కటే లేదు. నీవున్న ఊరు మంచిది కాదు, ఫలానా చోట సజ్జనులున్నారు, వారితో కలిసి ఉండు అన్నాడు. తౌబాతో పాటు చిరునామా కూడా ఇచ్చాడన్నమాట. పొగ మానదలచినవాడు ఊరు మారనక్కరలేదు. పాన్ డబ్బా ముందు నిలబడే సాయంకాలాన్ని మార్చుకుంటే చాలు.

జారిపడిన వారి గురించి కూడా చెప్పాలి. మా మెట్ల మీది తొమ్మిది మందిలో ఇద్దరు మళ్లీ మొదలుపెట్టారు. ఒకతను చెల్లెలి పెళ్లిలో, మరొకతను ఉద్యోగం పోయినప్పుడు. మొదటివాడు పదిరోజులు ముఖం చాటేశాడు. చాచా అతని ఇంటికి వెళ్లి, "రేపు నీకు మొదటి రోజు, రా" అని మాత్రం చెప్పి వచ్చారు. దైవప్రవక్త (స) సన్నిధికి ఒక మనిషిని మద్యం తాగినందుకు పదే పదే తీసుకువచ్చేవారు. ఒకసారి సభలోని ఒకరు అతడిని శపించగా ఆయన వారించారు, ఆ మనిషికి అల్లాహ్ మీద, ఆయన ప్రవక్త మీద ప్రేమ ఉన్నదని సాక్ష్యం ఇచ్చారు. మరొక సందర్భంలో, మీ సోదరునికి వ్యతిరేకంగా షైతాన్‌కు సహాయపడవద్దని హెచ్చరించారు. ఇంట్లో ఎవరైనా మాని మళ్లీ తాగితే, "నీ వల్ల ఏమవుతుంది" అనే మాట నోటికి వచ్చే ముందు ఈ రెండు సంఘటనలు గుర్తుకు రావాలి. మానినవారిలో అనేకులు ఒకటికి నాలుగుసార్లు ప్రయత్నించి మానినవారే.

కనుక సోదరీ, మిద్దె మెట్ల దగ్గర కాపు కాయవద్దు. ఒట్టు వేయించవద్దు. ఒట్టు వేయించిన కొద్దీ అబద్ధం పెరుగుతుంది. ఒక రోజు నెమ్మదిగా, "నాకు తెలుసు. నేను కోపగించడం లేదు. నాకు మీరు కావాలి" అని చెప్పండి. గుండెజబ్బు వచ్చిన తర్వాత మానినా ఆలస్యం కాదు. అలా మానినవారికి మరణ ముప్పు, మాననివారితో పోలిస్తే సుమారు మూడో వంతు తగ్గుతుంది. ఇది ఆయనకు భయపెట్టే మాటగా కాక ఆశ కలిగించే మాటగా చెప్పండి. బీడీలో కాగితం లేదు, ఆకే కదా అనే వాదన వస్తే, బీడీ సిగరెట్ కంటే ఏ విధంగానూ తక్కువ హాని కాదని, ఆరిపోకుండా ఉండేందుకు దానిని ఎక్కువసార్లు పీల్చవలసి వస్తుందని తెలియజేయండి. పిల్లలను బీడీల కోసం దుకాణానికి పంపే అలవాటు ఉంటే వెంటనే ఆపండి. 18 ఏళ్లలోపు వారికి పొగాకు అమ్మడం 2003 నాటి చట్టం ప్రకారం నేరం. (ఆ బీడీలు చుట్టే చేతులు మీ జిల్లాలో మన అక్కచెల్లెళ్లవే. వారి బతుకుతెరువు పెద్ద ప్రశ్న, దానిని మరో నెల విడిగా చర్చిస్తాం.)

తర్వాత మీ మస్జిద్ ఇమాం గారితో మాట్లాడండి, లేదా మీ అన్నదమ్ములతో మాట్లాడించండి. ఉపన్యాసం పెట్టమని కోరవద్దు. జమాఅత్‌లో పొగ మానినవారు ఎవరున్నారో కనుక్కొని, వారిలో ఒకరిని మీ వారితో కలపమని కోరండి. ప్రతి మస్జిద్‌లోనూ అటువంటివారు ఉంటారు, ఎవరూ అడగలేదు గనుక చెప్పరు. ఒక్కరు దొరికినా చాలు. ఎవరూ దొరకని పక్షంలో 1800-11-2356 అనే ఉచిత నంబరు ఉన్నది. అది ప్రభుత్వం నడిపే సహాయ కేంద్రం, పొగాకు పెట్టెల మీద కూడా ముద్రించి ఉంటుంది. నికోటిన్ చూయింగ్‌గమ్ మందుల దుకాణాల్లో లభిస్తుంది. అయితే గుండెజబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా దానిని వాడరాదు. ఉపవాసంలో దానిని నమలడం ఉపవాసాన్ని భంగపరుస్తుంది కనుక ఆ నెలలో ఇఫ్తార్, సహరీల మధ్యనే వాడాలి. షాబాన్‌లోనే మొదలుపెట్టి, భారమైన మొదటి వారాలు గడిచాక రమజాన్‌లో అడుగుపెట్టడం మా మెట్ల మీదివారికి అచ్చివచ్చిన పద్ధతి.

స్త్రీలు ఈ విషయం మగవారిదని పేజీ తిప్పవద్దు. జర్దా కూడా పొగాకే. నోటి క్యాన్సరుకు అది బాటలు వేస్తుంది. మాకు బంధువులైన ఒక ఇంట ఇద్దరు తోడికోడళ్లు ఒకే రోజు జర్దా మానారు. పాన్‌దాన్‌లో జర్దా ఉండే అరలో సోంపు పోశారు. జుహర్ తర్వాత తమలపాకు మడిచేటప్పుడు పెద్దామె చిన్నామెను, "నీకు ఎన్నో రోజు?" అని అడుగుతుంది. ఇద్దరిదీ ఒకే లెక్క అని తెలిసినా అడుగుతుంది. మొన్న మేము వెళ్లినప్పుడు నలభయ్యో రోజు అన్నారు.